వరస కలిపే ఉద్యోగం

ఆ హోటల్లో ముందు వరసలు నేర్పారు. పళ్ళెం పట్టుకోవడం ఆ తర్వాత.

నరసరావుపేట చివర, వినుకొండ రోడ్డు మీద రాఘవయ్య కట్టించిన హోటలు అది. ఆయనకు అంతకుముందు నుంచే మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీ ఉంది. బస్తాలు దింపుకోవడానికి వచ్చే రైతులు భోజనానికి తన దగ్గరికే వస్తారని ఆయన నమ్మకం. పెద్ద ఊళ్లలో ఎక్కడ తిన్నా సర్, మేడం అంటారని, ఆ మాట వింటే ఆసుపత్రిలో కూర్చున్నట్టు ఉంటుందని ఆయన అనేవాడు. అందుకని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాడు: "ఇక్కడ కస్టమర్లు లేరు. అందరూ చుట్టాలే."

ఆ చుట్టరికం నేర్పడానికి విజయవాడ నుంచి తేజస్వి వచ్చింది. పెద్ద హోటళ్లలో పనిచేసిన మనిషి. గొంతు పెంచేది కాదు. తప్పు చేసినవాళ్ల దగ్గరికి వచ్చి, కాలరు సరిచేస్తూ, వాళ్లకు మాత్రమే వినపడేటట్టు తిట్టేది.

"మనిషి తలుపు తోసేలోపు వరస తేలిపోవాలి," అని మొదటిరోజే చెప్పింది. "తల నెరిసినాయన పెదనాన్న. రంగు వేసుకున్నాడా, బాబాయ్. రంగు వేసుకున్నవాణ్ణి పెదనాన్నా అన్నారంటే తినకుండా లేచిపోతాడు. ఆడవాళ్ల దగ్గర అనుమానం వస్తే అక్క. ఆంటీ అన్నవాళ్లు ఆ రోజే ఇంటికి."

"మరి మిమ్మల్ని ఏమనాలి, అక్కా?" అన్నాడు సుభానీ.

"మేడం."

సుభానీది పిడుగురాళ్ల. వీధిలో ప్రతివాణ్ణీ మామా, బావా అని పిలుస్తూ పెరిగాడు. వాళ్లూ అతన్ని అల్లుడా, బామ్మర్దీ అని పిలిచారు. "ఇదేం ఉద్యోగం మామా, మా వీధిలో పొద్దున లేస్తే చేసేది ఇదేగా," అని వంటవాళ్లతో నవ్వేవాడు. అతనికి నేర్పవలసింది పెద్దగా లేకపోయింది.

ప్రిస్కిల్లాది రెంటచింతల దగ్గర పల్లె. వాళ్ల పేటలో కూడా పెదనాన్నలు, పిన్నులు, మేనత్తలు ఉన్నారు. పేట దాటి ఊళ్లోకి వెళితే ఆ వరసలు ఆగిపోతాయి. అక్కడ మగవాళ్లంతా అయ్యలు. ఆడవాళ్లంతా అమ్మగార్లు. ఈ మాటలు ఎప్పుడు నేర్చుకుందో ఆమెకు గుర్తులేదు. బట్టలు నలగని మనిషి ఎదురొస్తే నోరు దానంతటదే "అయ్యా" అనేది.

సాధన చేసేటప్పుడు సుభానీ కస్టమరుగా తలుపు తోసుకుని వచ్చేవాడు. చేతికి తేజస్వి వాచీ, కళ్లకు ఎవరివో నల్లద్దాలు.

"రండి..." అనేది ప్రిస్కిల్లా. "రండి, అయ్యా."

"నేనే అయ్యనైతే మా నాయన ఏమవుతాడు పిల్లా?" అని సుభానీ నవ్వేవాడు. మిగిలినవాళ్లూ నవ్వేవాళ్లు.

తేజస్వి నవ్వేది కాదు. చెయ్యి కడుక్కునే చోట ఉన్న చెత్తబుట్ట తెప్పించి హాలు మధ్యలో పెట్టించింది. "నీ అయ్య ఇక్కడున్నాడు," అంది. "దణ్ణం పెట్టు. ఆ మాట నోట్లో అయిపోయేదాకా ఈయన్ని పిలువు."

ప్రిస్కిల్లా చెత్తబుట్టకు చేతులు జోడించి "అయ్యా" అంది. "వినపళ్లేదు," అంది తేజస్వి. మళ్ళీ అంది. వంటవాళ్లు తలుపు దగ్గర చేరి చూశారు. వాళ్లు వెళ్లిపోయాక కూడా ఆమె అంటూనే ఉంది. చివరికి ఆ మాటలో అర్థం పోయి, ఉత్త చప్పుడు మిగిలింది.

ఆ సాయంత్రం ఆమె తేజస్వి దగ్గరికి వెళ్లింది.

"బయటోళ్లనైతే ఎట్టా పిలవమన్నా పిలుస్తా మేడం. మా ఊరోళ్లు వస్తే మాత్రం..."

"మీ ఊరోళ్లకి చెవులు వేరుగా ఉంటాయా?"

"అట్టా పిలవగూడదు మేడం. మీకు తెలవదు."

"నాకు తెలీదా?" తేజస్వి ఆమె కాలరు పట్టుకుని మడత సరిచేసింది. "మాదీ పల్లెటూరే. ఎవరు ఎవర్ని ఏమంటారో నీకంటే బాగా తెలుసు. ఇక్కడ నీకు ఊరు లేదు. ఉందనుకుంటే చెప్పు, ఇప్పుడే బస్సెక్కిస్తా."

బస్సు ఎక్కితే దిగేది మిరప చేలోనే. ప్రిస్కిల్లా తల్లి కరుణమ్మ పోయిన ఏప్రిల్లో ఊళ్లో పెద్ద రైతు వీరయ్య కల్లంలో తాలుకాయలు ఏరుతూ వడదెబ్బకు పడిపోయింది. రంగు పోయిన కాయల్ని మంచికాయల్లోంచి వేరుచేసే పని అది, ఎండలోనే చెయ్యాలి. ఆమెను నీడకు చేర్చేసరికి మాట లేదు. ఒళ్లోని కాయలు మాత్రం ఒళ్లోనే ఉన్నాయి. శవపెట్టె వీరయ్యే ఇప్పించాడు. తండ్రి దేవదాసు ఏళ్ల తరబడి ఆయన మోటార్లు చూస్తున్నాడు, ఆయన చేలకు నీళ్లు పెడుతున్నాడు. తల్లి కూర్చున్న చోట ఈ ఏడు ప్రిస్కిల్లా కూర్చోవాలని వీరయ్య కబురు పంపాడు. ఆ కబురు వచ్చిన వారమే ఆమె ఈ హోటలులో చేరింది. ఈ పనిలో నిలబడాలి, లేదంటే ఆ కల్లంలో కూర్చోవాలి. మూడో చోటు ఆమెకు లేదు.

అందుకని నేర్చుకుంది. అద్దం ముందు నిలబడి బాబాయ్ అంది, పిన్నీ అంది. ఆ మాటలకు తగ్గట్టు మొహం నవ్వేదాకా అంది. పళ్ళెం ఎడమచేతి మీద నిలబెట్టడం, గరిటె అంచు ఆకుకు తగలకుండా వడ్డించడం, వద్దన్నవాళ్లను మరొకసారి అడగడం, అన్నీ మిగిలినవాళ్లకంటే ముందే వచ్చాయి. తేజస్వి పొగడలేదు. తిట్టడం మానేసింది.

ప్రారంభానికి ముందురోజు మధ్యాహ్నం రాఘవయ్య తెలిసినవాళ్లను భోజనానికి పిలిచాడు. కొత్తవాళ్లకు అదే పరీక్ష అని తేజస్వి చెప్పింది. కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టే పెద్ద రైతులు, ఇద్దరు ముగ్గురు వ్యాపారులు భార్యలతో వచ్చారు. అందరికీ అరిటాకులు వేశారు. హాలు నిండుతుండగా గాజుతలుపు అవతల ఒక తెల్లకారు ఆగింది. వెనకే మిర్చి బస్తాల లారీ వచ్చి రోడ్డు పక్కన నిలబడింది. కారులోంచి వీరయ్య, ఆయన భార్య రంగనాయకమ్మ దిగారు. లారీ మీదినుంచి దేవదాసు దిగాడు.

ప్రిస్కిల్లా వెళ్లి తేజస్వి పక్కన నిలబడింది. "ఆ టేబులు సుభానీకి ఇవ్వండి మేడం."

"ఎవరాయన?"

"మా ఊరాయన. మా నాన్న ఆయన కాడే చేస్తాడు."

"నేను చూసుకుంటాలే మేడం," అన్నాడు సుభానీ. "అదేం పెద్ద పని."

తేజస్వి అతనివైపు చూడలేదు. "అది నీ టేబులే," అని ప్రిస్కిల్లాతో అంది. "అది చేశావంటే రేపట్నుంచి నువ్వు ఇక్కడి మనిషివి. చెయ్యలేకపోతే యూనిఫాం విప్పి ఇచ్చి, ఆ లారీలోనే వెళ్లిపో."

ప్రిస్కిల్లా వెళ్లింది. వీరయ్యకు అరవై దాటాయి. జుట్టు నల్లగా, కొత్తగా రంగు వేసి ఉంది. ఆమెకు నేర్పిన లెక్క ప్రకారం వరస తేలిపోయింది.

"రండి బాబాయ్. కూర్చోండి పిన్నీ."

మాట తడబడలేదు. కౌంటరు దగ్గర తేజస్వి తల ఊపింది.

వీరయ్య కూర్చోబోయి ఆగాడు. "ఎవురమ్మాయివి నువ్వు?"

"దేవదాసు కూతుర్ని."

"మా దేవదాసు కూతురివా! చొక్కా, ప్యాంటు చూసి గుర్తుపట్టలా." ఆయన నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు; దొరికినదాన్ని తిప్పి చూసుకుంటున్నవాడి సంతోషం ఉంది. "ఏమన్నావు, మళ్ళీ అను."

"బాబాయ్ అన్నాను."

"విన్నావా?" అని భార్యవైపు తిరిగాడు. రంగనాయకమ్మ అప్పటికే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ పిల్లోణ్ణి వడ్డించమను," అంది, ఎవరినీ చూడకుండా. సుభానీ వచ్చి ఆమెకు అన్నం పెట్టాడు. పెడుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

వీరయ్య కూర్చుని, ప్రిస్కిల్లా తన ఆకులో అన్నం, నెయ్యి వడ్డిస్తుండగా పక్క టేబులు వాళ్లకు కూడా వినపడేటట్టు మాట్లాడడం మొదలుపెట్టాడు. "రాఘవయ్యా, నీ హోటలు భలే ఉందయ్యా. పెదనాన్నా అన్నా బాగుండేది. బాబాయ్ అంది. అంటే వాళ్ల నాన్న నాకంటే పెద్దోడన్నమాట. నాకు అన్న! ఇన్నాళ్లూ తెలియక అన్నగారిచేత నీళ్లు కట్టించానే నేను."

టేబుళ్ల దగ్గర నవ్వారు. రాఘవయ్య కూడా నవ్వాడు. ఆయన స్టోరేజీలో సగానికి పైగా సరుకు వీరయ్యది, వీరయ్య బంధువులది.

"అన్న బయట ఎండలో ఉంటే తమ్ముడు ఏసీలో తినొచ్చా? పిలవండయ్యా," అన్నాడు వీరయ్య.

ఎవరో వెళ్లి పిలిచారు. దేవదాసు చెప్పులు తలుపు బయట విడిచి వచ్చాడు. ఒంటి నిండా మిరప దుమ్ము. ఆయన దాటుకుంటూ వచ్చిన ప్రతి టేబులు దగ్గరా ఎవరో ఒకరు దగ్గారు. బండి సంగతి ఏదో అడగడానికి పిలిచారనుకుని, "బస్తాలు దించమంటారా అయ్యా?" అన్నాడు.

వీరయ్య లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి లాగి చూపించాడు.

"రండి అన్నయ్యా. కూర్చోండి."

దేవదాసు కుర్చీని చూశాడు, కూతుర్ని చూశాడు. ఏమీ అర్థం కాలేదు.

"నీ కూతురు నన్ను బాబాయ్ అంది. మరి నువ్వు నాకు అన్నవేగా? నువ్వు కూర్చుంటే గాని నేను కూర్చోగూడదు. ఇంతమంది పెద్దోళ్ల ముందు మర్యాద తప్పమంటావా?"

దేవదాసుకు అర్థమైంది. రెండు చేతులూ జోడించాడు. "తెలవక అనిందయ్యా. చిన్నపిల్ల. తల్లి లేని పిల్ల."

"అవును గదా." వీరయ్య ఏదో తట్టినట్టు ఆగాడు. "ఒసేయ్ రంగనాయకమ్మా, ఇంకో సంగతి. ఈ లెక్కన పోయిన ఏడు మన కల్లంలో పోయింది నాకు వదిన. సొంత వదిన పోతే మనం మైల కూడా పట్టకుండా తిరిగామే! పాపం తగలదూ?"

ఈసారి నవ్విన వాళ్లు తక్కువ. ఒక వ్యాపారి భార్య మంచినీళ్ల గ్లాసు అందుకుని, తాగకుండానే మళ్ళీ పెట్టేసింది. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు. తప్పు పట్టడానికి దొరికే మాటేదీ వీరయ్య నోటివెంట రాలేదు కూడా. ఆయన ఒక్క తిట్టు తిట్టలేదు. కులం మాట ఎత్తలేదు. మాట్లాడినవన్నీ చుట్టరికం మాటలే.

ప్రిస్కిల్లా ఎడమచేతి మీద పళ్ళెం ఉంది. అందులో పప్పు, పులుసు, నెయ్యి గిన్నెలు. ఆమె మొహం మీద నేర్పిన నవ్వు అట్లాగే ఉంది.

"తప్పయిపోయిందయ్యా," అన్నాడు దేవదాసు. "బుద్ధి చెప్తాను పిల్లకి."

"ఎప్పుడు?"

వీరయ్య మెల్లగా అడిగాడు. అడిగి, అలాగే నిలబడి చూశాడు.

దేవదాసు కూతురి చెంప మీద కొట్టాడు. కొట్టడం తెలియని మనిషి కొట్టిన దెబ్బ అది. బరువంతా అందులో వచ్చేసింది. ఆమె తల పక్కకు తిరిగింది. పళ్ళెం కదలలేదు. మిరప దుమ్ము చెంపకు అంటుకుని, కంటి దాకా మండింది. ఆ కన్ను నీరు కారింది, రెండో కన్ను కారలేదు.

అప్పుడు ఆమె ఒక మాట అనవలసి ఉంది. వడ్డించే మనిషి టేబులు ముందు మాట లేకుండా నిలబడకూడదు. అయ్యా అంటే అక్కడితో అయిపోతుంది. వీరయ్య కూర్చుంటాడు, నాన్న లారీ దగ్గరికి వెళతాడు, తనూ ఆ లారీలోనే వెళుతుంది. కౌంటరు దగ్గర తేజస్వి చేతులు కట్టుకుని చూస్తోంది. దేవదాసు కళ్లతో కూతుర్ని బతిమాలుతున్నాడు. ఆ మాట అనమని.

ప్రిస్కిల్లా నెయ్యి గిన్నెలో చెంచా ముంచింది.

"ఇంకొంచెం నెయ్యి వెయ్యనా, బాబాయ్?"

వీరయ్య ఆమెవైపు చాలాసేపు చూశాడు. తర్వాత కూర్చున్నాడు. "వెయ్యి," అన్నాడు. ఆమె వేసింది. ఆయన కలుపుకుని తిన్నాడు. పెరుగు దాకా తిన్నాడు. వెళ్లేటప్పుడు రాఘవయ్య భుజం తట్టి, "మంచి పిల్లని పట్టావు. వదులుకోమాక," అన్నాడు.

తేజస్వి ఆమె దగ్గరికి వచ్చి కాలరు సరిచేసింది. "రేపు పది గంటలకి రా," అంది. "మొహానికి చన్నీళ్లు కొట్టుకో. వేడినీళ్లైతే ఇంకా మండుతుంది."

దేవదాసు లారీలో కూర్చుని ఊరికి వెళ్లాడు. మర్నాడు తెల్లవారి చేలోకి వెళితే మోటారు దగ్గర వేరే మనిషి ఉన్నాడు. వీరయ్య ఇంటికి వెళ్లి గుమ్మం ముందు నిలబడ్డాడు. వీరయ్య బయటకు వచ్చి చేతులు జోడించాడు.

"అన్నగారిచేత పని చేయించుకునేంత పాపాత్ముణ్ణి కాదు నేను," అన్నాడు. "ఒకసారైతే చిన్నపిల్ల తెలవక అనిందనుకున్నా. రెండోసారి తెలిసే అనింది."

ఊళ్లో ఇంకెవరూ దేవదాసును పనికి పిలవలేదు. పిలిస్తే వీరయ్య ఏమనుకుంటాడోనని కొందరు. పిలవకపోతే సరదాగా ఉంటుందని కొందరు. చిన్నపిల్లలు "అయ్యగారి అన్న" అని పేరు పెట్టారు. బడ్డీకొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఆయన వస్తుంటే లేచి నిలబడి చోటు చూపించేవాళ్లు. దేవదాసు బెల్లంకొండ వైపు, ఎవరూ ఎరగని ఊళ్లకు కూలికి పోవడం మొదలుపెట్టాడు.

సుభానీ ఒకరోజు ప్రిస్కిల్లాతో అన్నాడు. "కేసు పెట్టొచ్చంట పిల్లా. మా మామ వకీలు కాడ గుమాస్తా. అడిగా."

ఆమె సెలవు పెట్టి ఊరికి వెళ్లినప్పుడు ఆ మాట తండ్రికి చెప్పింది.

"ఎవురి మీద పెడతావే?" అన్నాడు దేవదాసు. "కొట్టింది నేను."

ఆయన గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. దూరాలు నడిచి మడమలు పగిలి ఉన్నాయి.

"రెండోసారి ఎందుకన్నావే?" అని అడిగాడు. గొంతులో కోపం లేదు. తెలుసుకుందామని అడిగాడు.

"పని పోయిద్దని, నాన్నా."

"పోయింది గదా," అన్నాడాయన. "నీదీ నాదీ రెంట్లో ఒకటి పోవాల్సింది. పోయింది." తర్వాత అటు తిరిగి పడుకున్నాడు.

ఆమె పొద్దున్నే బస్సెక్కి నరసరావుపేట వచ్చేసింది.

హోటలు బాగా నడిచింది. దసరా ముందు మాచర్లలో ఇంకోటి తెరుస్తున్నామని కొత్తవాళ్లను చేర్చుకున్నారు. తేజస్వి వాళ్లను హాలులో కూర్చోబెట్టి గోడమీద టీవీలో ఒక వీడియో వేసింది. సీసీ కెమెరాలో పడినది. మాట వినపడదు. నల్లజుట్టు మనిషి నిలబడి ఉన్నాడు. పాతచొక్కా మనిషి చెయ్యి ఎత్తాడు. అమ్మాయి తల తిరిగింది. తేజస్వి అక్కడ ఆపింది.

"పళ్ళెం చూడండి. ఒక్క చుక్క కింద పడిందా? మొహం చూడండి. మంచి సర్వీసు అంటే ఇది. ఇది వచ్చినవాళ్లే నాకు కావాలి."

ప్రిస్కిల్లా ఆ టీవీ పక్కనే నిలబడి ఉంది. ఇప్పుడు కొత్తవాళ్లకు పళ్ళెం పట్టడం నేర్పేది ఆమే. కొత్తవాళ్లు టీవీని, ఆమెను మార్చి మార్చి చూశారు. ఒకడు చప్పట్లు కొట్టబోయి మానేశాడు.

ఫోను మోగితే తేజస్వి బయటకు వెళ్లింది. అప్పుడు వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచి ప్రిస్కిల్లా దగ్గరికి వచ్చింది. గురజాల వైపు పల్లె నుంచి వచ్చిన పిల్ల. పేరు సలోమి.

"అక్కా, బయటోళ్లనైతే పిలుస్తా. మా ఊరోళ్లు వస్తే ఎట్టా అక్కా?"

"మీ నాన్న ఎవురి కాడ చేస్తాడు?"

ఆ పిల్ల ఒక పేరు చెప్పింది. మిర్చి వేసే పెద్ద రైతు పేరు. ఆయన సరుకు రాఘవయ్య స్టోరేజీలోనే ఉంటుంది. నెలలో ఒక్కసారైనా ఇక్కడికి వచ్చి తింటాడు.

"మీ నాన్నని ముందు ఆ పని మానుకోమని చెప్పు," అంది ప్రిస్కిల్లా. "తర్వాత ఈ యూనిఫాం వేసుకో."

సలోమి హాస్యమనుకుని నవ్వబోయింది. ప్రిస్కిల్లా మొహం చూసి ఆగింది.

"ఆయన మానుకుంటే మేమేం తినాలి అక్కా? ఇంట్లో అందరం ఆయన మీదే గదా."

తలుపు దగ్గర తేజస్వి ఫోను మాట్లాడడం అయిపోయింది. ప్రిస్కిల్లా ఖాళీ పళ్ళెం తీసి సలోమి ఎడమచేతి మీద పెట్టింది. దాని మీద నీళ్లు నింపిన గిన్నెలు ఒకటొకటిగా పేర్చింది.

"భుజం దించు," అంది. "వేళ్లు ఎడంగా పెట్టు. గిన్నెల వైపు చూస్తే తొణుకుతాయి. ఎవురు చెయ్యెత్తినా కళ్లు వాటి మీద పెట్టమాక."